గడియారం ఎలా తప్పుతోంది?

ఒక బ్యాంకులోని రెండు సర్వర్ల లాగ్‌లను పక్కపక్కన పెట్టి చదువుతున్నామనుకుందాం. ఖాతాలో డబ్బుందా అని అడిగిన సర్వర్, తన ప్రశ్నను 10 గంటల 15 నిమిషాల 4 సెకన్లకు పంపినట్టు రాసుకుంది. జవాబిచ్చిన సర్వర్ మాత్రం 10 గంటల 15 నిమిషాల 2 సెకన్లకే పని ముగించినట్టు రాసుకుంది. అంటే ప్రశ్న పుట్టకముందే జవాబు వెళ్లిపోయింది! రెండు లాగ్‌లూ నిజాయితీగా రాసినవే. తప్పు రాతలో లేదు, రాసినవాళ్ల గడియారాల్లో ఉంది.

రెండు సెకన్ల తేడాతో లాగ్ చదివేవాళ్లకు తలనొప్పి వస్తుంది. అదే తేడా పెరిగితే పనులు ఆగిపోతాయి. ఫోన్‌లో 30 సెకన్లకోసారి మారే ఆరంకెల కోడ్‌ను సర్వర్ ఒప్పుకోదు. ఆఫీసు నెట్‌వర్కుల్లో లాగిన్‌ను చూసుకునే కెర్బరోస్ మామూలుగా 5 నిమిషాలకు మించిన తేడాను సహించదు. అమెజాన్ ఎస్3 నిల్వకు పంపే సంతకపు అభ్యర్థన మీది సమయం 15 నిమిషాలకు మించి తేడాగా ఉంటే తిరిగొచ్చేస్తుంది. ఇవన్నీ భద్రత కోసం పెట్టిన తలుపులు. గడియారం తప్పితే దొంగకూ దొరకూ ఒకేలా మూసుకుంటాయి.

ఇలాంటి చోట చాలామంది చేసే మొదటి పని సమయాన్ని చేత్తో సరిచేయడం. అది చేశాక లక్షణం పోతుంది, జబ్బు మిగులుతుంది. గడియారం ఎంత తప్పిందన్నది ఒక్క అంకె. ఎలా తప్పుతోందన్నది ఒక గీత. ఆ గీత ఆకారాన్ని బట్టి కారణాన్ని దాదాపుగా పట్టుకోవచ్చు. దాన్ని చదవాలంటే ముందు కంప్యూటర్‌కు కాలం ఎలా తెలుస్తుందో చూడాలి.

ఒక పెట్టె, ఐదు గడియారాలు

మదర్‌బోర్డు మీద నాణెం లాంటి బ్యాటరీతో నడిచే చిన్న గడియారం ఒకటుంటుంది. దాని గుండె సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం. ఆ అంకె 2ను 15 సార్లు గుణిస్తే వచ్చేది కాబట్టి, సగాలు చేసుకుంటూ పోతే సరిగ్గా ఒక సెకను తేలుతుంది. కరెంటు లేనప్పుడు తేదీని గుర్తుంచుకునేది ఇదే. దీన్ని ఆర్‌టీసీ అంటారు. కంప్యూటర్ లేచేటప్పుడు ఒకసారి దీన్ని చూసుకుంటుంది. ఆ తర్వాత తన లెక్క తనదే.

ఆ లెక్కకు మొదట దొరికింది పిట్ అనే టైమర్. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో అది సెకనుకు 11,93,182 సార్లు కొట్టుకునేది. ఇంత వింత అంకె ఎందుకంటే, అమెరికా కలర్ టీవీ సంకేతానికి వాడే స్ఫటికాన్నే చవగ్గా తెచ్చి, దాని వేగాన్ని 12తో భాగించారు. ఆ టైమర్ నిర్ణీత వ్యవధికోసారి ప్రాసెసర్ భుజం తడుతుంది. ఆ తట్టే ‘టిక్’. ఆపరేటింగ్ సిస్టమ్ టిక్కులను కూడుకుంటూ సమయం చెప్పేది. లైనక్స్ 2.4లో పీసీల మీద సెకనుకు 100 టిక్కులు, 2.6 మొదట్లో 1000, 2005 నుంచి మామూలుగా 250.

తర్వాత ఏసీపీఐ, హెచ్‌పెట్ అనే టైమర్లు వచ్చాయి. వీటికన్నా చురుకైనది 1993 నాటి పెంటియం నుంచి ప్రాసెసర్‌లోనే ఉంటున్న టీఎస్‌సీ అనే లెక్కపెట్టె. 3 గిగాహెర్ట్జ్ దగ్గర అది సెకనుకు 300 కోట్లు లెక్కపెడుతుంది. చదవడానికి ఒక్క ఆదేశం చాలు. తొలిరోజుల్లో దానికి రెండు అవలక్షణాలు ఉండేవి. ప్రాసెసర్ కరెంటు పొదుపుకోసం నెమ్మదిస్తే అదీ నెమ్మదించేది. రెండు ప్రాసెసర్లుంటే రెండిట్లో రెండు లెక్కలు నడిచేవి. నేటి సర్వర్ ప్రాసెసర్లలో వేగం మారినా టీఎస్‌సీ నడక మారదు.

నిద్రపోయే యంత్రం

ఇంతవరకూ గడియారం, దాన్ని చదివే సిస్టమ్ ఒకే పెట్టెలో ఉన్నాయి. వర్చువల్ మెషిన్ దగ్గర కథ మారుతుంది. ఇంజినీర్ల నోట ఇది వీఎం. ఒక పెద్ద సర్వర్ మీద హైపర్‌వైజర్ అనే పెత్తనదారు కూర్చుని, ప్రాసెసర్ సమయాన్ని పదులకొద్దీ వీఎంలకు ముక్కలుగా పంచుతాడు. ఒకదాని వంతు నడుస్తుంటే మిగతావి ఆగి ఉంటాయి. ఆగి ఉన్నట్టు వాటికి తెలియదు. టిక్కులను కూడుకుని సమయం చెప్పే సిస్టమ్‌కు ఇదే ప్రాణాంతకం.

సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో విశాఖ నుంచి హైదరాబాద్ బయల్దేరిన ఒకాయన, ఎక్కడిదాకా వచ్చామో తెలుసుకోవడానికి దాటిన స్టేషన్లను వేళ్ల మీద లెక్కపెడుతున్నాడనుకోండి. కునుకు పడితే లెక్క తప్పుతుంది. పక్క సీటాయన దయగలవాడై, ఈయన కళ్లు తెరవగానే ‘తుని పోయింది, అన్నవరం పోయింది, సామర్లకోట పోయింది’ అని గబగబా చెబితే లెక్క మళ్లీ కుదురుతుంది. హైపర్‌వైజర్ చేసేదీ ఇదే. వీఎం ఆగి ఉన్నప్పుడు రావలసిన టిక్కులను దాచిపెట్టి, మేలుకోగానే వరసగా అందిస్తుంది. అయితే ఈయన కూడా తెలివైనవాడై, ‘నిద్రపోయాను కదా, మూడు పోయుంటాయి’ అని ముందే కలుపుకుంటే? పక్కాయన చెప్పిన మూడూ మళ్లీ కలుస్తాయి. రాజమండ్రిలో ఉన్నవాడు ఏలూరు వచ్చేశాననుకుంటాడు.

పాత లైనక్స్ 2.6 వీఎంలలో అచ్చంగా ఇదే జరిగింది. పోయిన టిక్కులను కనిపెట్టి కలుపుకునే తెలివి ఆ కెర్నల్‌కు ఉంది. పోయినవాటిని తెచ్చిచ్చే దయ వీఎంవేర్ అనే హైపర్‌వైజర్‌కు ఉంది. రెండూ కలిసి గడియారం ముందుకు పరుగెత్తేది. పైగా సెకనుకు 1000 టిక్కులంటే, ఏ పనీ లేని 10 వీఎంలు కూడా సెకనుకు 10,000 సార్లు భుజం తట్టించుకోవాలి. అందుకే ఆ రోజుల్లో రెడ్‌హ్యాట్ వీఎంలను టిక్కుల్ని పదోవంతుకు తగ్గించే సెట్టింగ్‌తో బూట్ చేయించేవారు.

అసలు మందు లెక్కపెట్టడం మానడమే. మేలుకోగానే ప్లాట్‌ఫాం మీది పసుపు బోర్డు చదువుకునేవాడికి నిద్ర వల్ల నష్టం లేదు. 2007 నాటికి లైనక్స్ టిక్కులు కూడటం వదిలి, లెక్కపెట్టెను చదివి సమయం తేల్చే దారికి వచ్చింది. ఆ తర్వాత లైనక్స్‌లోని హైపర్‌వైజర్ అయిన కేవీఎం కోసం కేవీఎం-క్లాక్ వచ్చింది. హోస్ట్, అంటే వీఎంలను మోసే సర్వర్, ఒక చిన్న మెమరీ పుటలో ‘టీఎస్‌సీ ఇంత ఉన్నప్పుడు సమయం ఇంత, ఒక్కో అంకెకు ఇంత కలుపుకో’ అని రాసిపెడుతుంది. వీఎం తనకు కావలసినప్పుడు టీఎస్‌సీ చదివి ఒక గుణకారం, ఒక కూడిక చేసుకుంటుంది. వీఎం వేరే సర్వర్‌కు తరలిపోయి అక్కడి టీఎస్‌సీ వేగం వేరైతే, హోస్ట్ ఆ పుటను తిరగరాస్తుంది. మైక్రోసాఫ్ట్ హైపర్-వీ కూడా ఇలాంటి పుటనే ఇస్తుంది.

తప్పుకు ఉన్న ఆకారాలు

జబ్బు పట్టుకోవాలంటే బయటి గడియారంతో పోల్చి కొలవాలి. ఒకసారి కాదు, మధ్యలో కొన్ని గంటలు వదిలి కనీసం రెండుసార్లు. భారత ప్రామాణిక సమయాన్ని కాపాడేది ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల. 2022 ఏప్రిల్ 28న కేంద్ర సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, దేశంలోని డేటా సెంటర్లు, సంస్థలు తమ సర్వర్ గడియారాలను ఈ ప్రయోగశాలతోనో, జాతీయ సమాచార కేంద్రంతోనో, వాటికి ముడిపడే సమయ సర్వర్లతోనో కలపాలి.

మొదటి ఆకారం వాలు గీత. ఉదయం 10 గంటలకు తేడా 0.40 సెకను, మధ్యాహ్నం 2 గంటలకు 1.12 సెకను. నాలుగు గంటల్లో 0.72 సెకను పెరిగిందంటే పది లక్షల సెకన్లకు 50 సెకన్ల చొప్పున తప్పు. ఇంజినీర్లు దీన్ని 50 పీపీఎం అంటారు. రోజుకు 4.32 సెకన్లు. మామూలు స్ఫటికం ఇంత తప్పడం వింత కాదు. దిద్దే ప్రోగ్రామ్ నడవడం లేదనే దీని అర్థం. అదే నాలుగు గంటల్లో 72 సెకన్లు పెరిగితే 5000 పీపీఎం. ఏ స్ఫటికమూ అంత చెడ్డది కాదు. అక్కడ టిక్కులు పోతున్నాయి, లేదా లెక్కపెట్టె వేగాన్ని సిస్టమ్ తప్పుగా అంచనా వేసుకుంది.

రెండోది మెట్టు. తేడా నిన్నటిదాకా సున్నా, ఈ ఉదయం నుంచి స్థిరంగా 47 నిమిషాలు. పెరగదు, తగ్గదు. గడియారం బాగానే నడుస్తోంది, మధ్యలో ఒకచోట ఆగింది. వీఎంను ఆపి మళ్లీ నడిపారేమో, పాత స్నాప్‌షాట్‌కు, అంటే ఒకప్పటి వీఎం స్థితిని దాచిన నకలుకు, వెనక్కి తిప్పారేమో అడగాలి. స్నాప్‌షాట్ మెమరీతో సహా తీసినదైతే వీఎం అప్పటి క్షణంలోనే కళ్లు తెరుస్తుంది. ఎవరూ చెప్పకపోతే నిన్నటినే ఇవాళ అనుకుంటుంది.

మెట్టు సరిగ్గా 5 గంటల 30 నిమిషాలైతే ఇక వెతకనక్కర్లేదు. విండోస్ మామూలుగా ఆర్‌టీసీలో స్థానిక సమయం ఉందనుకుంటుంది, లైనక్స్ అంతర్జాతీయ సమయం ఉందనుకుంటుంది. హైపర్‌వైజర్ సృష్టించే నకిలీ ఆర్‌టీసీలో అంతర్జాతీయ సమయం పెట్టి విండోస్ వీఎంను లేపితే, మన దేశంలో అది ఐదున్నర గంటలు వెనక కనిపిస్తుంది. నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకుని సరిపడుతుంది. మళ్లీ రీబూట్ చేయగానే తప్పు తిరిగొస్తుంది. ఈ తిరిగిరావడమే గుర్తు. చికిత్స వీఎంలో కాదు, హైపర్‌వైజర్ సెట్టింగ్‌లో చేయాలి.

మూడోది రంపపు పళ్లు. తేడా మెల్లగా ఎక్కుతుంది, టక్కున పడుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ఒక గడియారాన్ని ఇద్దరు దిద్దుతున్నప్పుడు ఇలా అవుతుంది. వీఎం లోపల, నెట్‌వర్క్ నుంచి సమయం తెచ్చుకునే ఎన్‌టీపీ ప్రోగ్రామ్ ఒక సమయాన్ని నమ్ముతోంది, బయటి నుంచి వీఎంవేర్ టూల్స్‌లోని సమయ సమన్వయం హోస్ట్ సమయాన్ని రుద్దుతోంది. ఎన్‌టీపీ గడియారం నడకను నేర్చుకుంటూ దిద్దుతుంది. బయటివాడు వచ్చి ముల్లును కదిపినప్పుడల్లా ఆ నేర్చుకున్నది పాడవుతుంది. దిద్దేవాడు ఒక్కడే ఉండాలన్నది ఇక్కడ సూత్రం. అయితే ఒక మెలిక ఉంది. వీఎంవేర్‌లో క్రమంతప్పని సమన్వయాన్ని ఆపినా, వీఎం నిద్రలేచినప్పుడు, స్నాప్‌షాట్ వెనక్కి తిప్పినప్పుడు చేసే ఒక్కసారి దిద్దుబాటు విడిగా మిగిలే ఉంటుంది. తెలియక వెతికేవాళ్లను ఇది బాగా తిప్పుతుంది.

నాలుగోది అన్నిటికన్నా మోసకారి. లోపలి నుంచి చూస్తే సున్నా గీత. ఆఫీసులోని కంప్యూటర్లన్నీ ఒకదానితో ఒకటి అంగీకరిస్తాయి, అన్నీ కలిసి తప్పుతాయి. ఆఫీసు లాగిన్‌లను చూసుకునే విండోస్ డొమైన్ కంట్రోలర్‌ను వీఎంగా నడిపేచోట ఇది తెలిసిన ఉచ్చు. హోస్ట్ తన సమయాన్ని డొమైన్ కంట్రోలర్‌ను అడుగుతుంది. ఆ కంట్రోలర్ అదే హోస్ట్ మీద వీఎంగా కూర్చుని హోస్ట్‌ను అడుగుతుంది. ఇద్దరూ ఒకరినొకరు నమ్ముకుని కలిసికట్టుగా జారిపోతారు. గుంపు లోపల ఎన్నిసార్లు కొలిచినా తేడా కనిపించదు. ప్రధాన కంట్రోలర్‌ను బయటి సర్వర్లతో కలిపి, హోస్ట్ నుంచి సమయం తీసుకోకుండా ఆపితేనే ఆ వలయం తెగుతుంది.

నిదానంగా దిద్దడం, ఒక్కసారిగా దూకడం

నెట్‌వర్క్ మీద సమయం తెచ్చుకునే ఎన్‌టీపీని రూపొందించింది డెలావేర్ విశ్వవిద్యాలయపు డేవిడ్ మిల్స్. దాని మొదటి నిర్దేశపత్రం 1985లో వచ్చింది. పద్ధతి సులువు. ప్రశ్న బయల్దేరిన సమయం, సర్వర్‌కు అందిన సమయం, జవాబు బయల్దేరిన సమయం, మనకు అందిన సమయం, ఈ నాలుగూ తీసుకుని, వెళ్లడానికీ రావడానికీ సమానంగా పట్టిందనుకుని తేడా లెక్కిస్తారు. వీఎంలో ఆ ఊహే దెబ్బతింటుంది. జవాబు వచ్చి గుమ్మంలో నిలబడ్డా, ఆ క్షణాన వీఎం వంతు కాకపోతే దాన్ని తీసుకునేవాడు లేడు. 40 మిల్లీసెకన్లు ఆలస్యంగా తీసుకుంటే లెక్కలో 20 మిల్లీసెకన్ల తప్పు చేరుతుంది. కొలతలు ఇలా చెల్లాచెదురుగా వస్తుంటే సమయ సర్వర్‌ను మార్చి లాభం లేదు. టాప్ ఆదేశంలో ‘ఎస్‌టీ’ అనే గడి చూడాలి. మనకు దక్కాల్సిన ప్రాసెసర్ సమయం ఎంత పక్కవాళ్లకు పోయిందో అక్కడ కనిపిస్తుంది.

తేడా తేలాక దాన్ని ఎలా పూడ్చాలన్నది రెండో ప్రశ్న. చిన్న తేడా అయితే గడియారాన్ని కాస్త వేగంగానో నెమ్మదిగానో నడిపి కలుపుతారు. పెద్దదైతే ఒక్కసారిగా దూకిస్తారు. ఎన్‌టీపీ పనిచేయించే పాత ప్రోగ్రామ్ ఎన్‌టీపీడీ నడకను 500 పీపీఎంకు మించి మార్చదు. ఆ లెక్కన ఒక సెకను పూడ్చడానికి 2000 సెకన్లు, అంటే అరగంట పైనే. రోజుకు 43.2 సెకన్లు దీని హద్దు. వీఎం అంతకన్నా ఎక్కువ జారుతుంటే ఈ దారిలో ఎప్పటికీ అందుకోలేదు. తేడా 1000 సెకన్లు దాటితే ఎన్‌టీపీడీ మామూలుగా లాగ్‌లో ఒక ముక్క రాసి తానే ఆగిపోతుంది. పాత స్నాప్‌షాట్ నుంచి లేచిన వీఎంలో దిద్దేవాడే కనిపించకపోవడానికి ఇదే కారణం కావచ్చు.

ఇప్పుడు ఎక్కువగా వాడే క్రోనీ ఇంకా చురుకైనది. లైనక్స్‌లో నడకను పన్నెండో వంతు దాకా మార్చగలదు. ఒక సెకనును 12 సెకన్లలో పూడుస్తుంది. కానీ చాలా లైనక్స్ పంపిణీల సెట్టింగ్‌లో, సెకనుకు మించిన తేడాను దూకించి దిద్దే అనుమతి మొదటి మూడు కొలతల వరకే ఉంటుంది. రోజులుగా నడుస్తున్న వీఎంను గంటసేపు ఆపి లేపితే ఆ మూడు అవకాశాలూ ఎప్పుడో అయిపోయి ఉంటాయి. 3600 సెకన్లను గరిష్ఠ వేగంతో పూడ్చినా 12 గంటలు పడుతుంది. క్రోనీ చక్కగా పనిచేస్తూనే ఉంటుంది, సమయం మాత్రం సాయంత్రం దాకా తప్పుగానే ఉంటుంది. ఆపి లేపే అలవాటున్న వీఎంలకు ఎప్పుడైనా దూకే అనుమతినివ్వడం మేలు. ఈమధ్య కేవీఎం, హైపర్-వీ హోస్ట్‌లు తమ గడియారాన్ని పీటీపీ అనే గడియార పరికరం రూపంలో వీఎంకు నేరుగా చూపుతున్నాయి. దాన్ని క్రోనీకి ఇస్తే నెట్‌వర్క్ ప్రయాణపు అనిశ్చితే ఉండదు. హోస్ట్ సమయం సరిగ్గా ఉండాలి, అంతే.

సమయం సరే, ఖరీదు?

గడియారం తప్పకుండానే బాధపెట్టే సందర్భం ఒకటుంది. టీఎస్‌సీ చదవడం చవక. హెచ్‌పెట్‌ను చదవాలంటే వీఎం ప్రతిసారీ హైపర్‌వైజర్ గుమ్మం తొక్కాలి. లైనక్స్ కెర్నల్‌లో ఒక కాపలాదారు రెండు గడియారాలను పోల్చి చూస్తూ, టీఎస్‌సీ మీద అనుమానం వస్తే దాన్ని పక్కనపెట్టి నెమ్మదైనదానికి మారిపోతాడు. వీఎం ఆగి లేచినప్పుడు ఆ అనుమానం ఉత్తుత్తిదీ కావచ్చు. సమయం చూస్తే సరిగ్గానే ఉంటుంది, అప్లికేషన్ మాత్రం కారణం తెలియకుండా ఈడుస్తుంది.

నెట్‌ఫ్లిక్స్ ఇంజినీరుగా ఉండగా బ్రెండన్ గ్రెగ్ రాసిన ఉదాహరణ ఇలాంటిదే. అమెజాన్ క్లౌడ్‌లో జెన్ అనే హైపర్‌వైజర్ నడిపే వీఎంల మీద నడిచే కసాండ్రా డేటాబేస్‌ను సెంట్‌ఓఎస్ నుంచి ఉబుంటుకు మార్చగానే, రాతకు పట్టే సమయం 30 శాతానికి పైగా పెరిగింది. వెతికితే ప్రాసెసర్ సమయంలో పెద్ద వాటా ‘ఇప్పుడు టైమెంత’ అని అడగడానికే పోతోంది. జెన్ క్లాక్ బదులు టీఎస్‌సీ ఎంచుకోగానే చిక్కు వీడింది. డేటాబేస్‌లు ప్రతి రాతకూ ముద్ర వేస్తాయి కాబట్టి ఈ ప్రశ్న సెకనుకు లక్షలసార్లు పడుతుంది. గడియారం ఏదో చూడటానికి లైనక్స్‌లో ‘కరెంట్ క్లాక్‌సోర్స్’ అనే ఒక్క ఫైల్ తెరిస్తే చాలు.

వెనక్కి వెళ్లే కాలం

దిద్దుబాటులో ఒక ప్రమాదం దాగి ఉంది. గడియారాన్ని వెనక్కి దూకిస్తే, ప్రోగ్రామ్ కళ్లకు పని మొదలుకాకముందే ముగిసినట్టుంటుంది. 2017 జనవరి 1న, మనకు తెల్లవారుజామున ఐదున్నరకు, ప్రపంచ సమయంలో లీపు సెకను అనే అదనపు సెకను చేరింది. క్లౌడ్‌ఫ్లేర్ డీఎన్‌ఎస్ సర్వర్లలో కొన్ని ఆ క్షణాన జవాబుకు పట్టిన వ్యవధిని లెక్కగడితే రుణసంఖ్య వచ్చింది. వ్యవధి సున్నాకు తక్కువ కాదన్న నమ్మకంతో రాసిన కోడ్ అక్కడే కూలింది. వాళ్లు వాడిన గో భాష అప్పట్లో తేదీ చెప్పే గడియారంతోనే వ్యవధినీ కొలిచేది. అదే ఏడాది ఆగస్టులో వచ్చిన 1.9 సంస్కరణలో, ఎప్పుడూ ముందుకే నడిచే రెండో గడియారాన్ని జతచేశారు.

వీఎంలకు ఈ ముప్పు లీపు సెకనుతోనే రాదు, మొరటు దిద్దుబాట్లతోనూ వస్తుంది. అందుకే ప్రోగ్రామ్ రాసేవాళ్లు ‘ఎప్పుడు’ అనడానికి ఒక గడియారం, ‘ఎంతసేపు’ అనడానికి మరొకటి వాడాలి. ఏది ముందో ఏది వెనకో తేల్చడానికి గడియారమే అక్కర్లేదని, సందేశాలతో పాటు వరుస సంఖ్య పంపుకుంటే చాలని లెస్లీ లాంపోర్ట్ 1978లోనే చూపాడు.

చివరిగా ఒక పని మిగులుతుంది. ఇవాళ గడియారం సరిచేసినా, నిన్నటి లాగ్‌లో పడ్డ ముద్రలు మారవు. అక్కడే ఆకారం మళ్లీ అక్కరకొస్తుంది. మెట్టు అయితే దూకిన చోటి నుంచి ప్రతి సమయానికీ ఒకే అంకె కలపాలి. వాలు గీత అయితే గడిచిన గంటలను బట్టి కలిపేది పెరుగుతూ పోవాలి. రంపపు పళ్లయితే ఒక్కో పన్నూ విడిగా లెక్కగట్టాలి. కాలం వెనక్కి దూకిన చోట ఒకే సమయం రెండుసార్లు వచ్చి ఉంటుంది. అక్కడ వరుస సంఖ్యలే సాక్ష్యం. ఇవేవీ, తేడాను కొలిచి రాసిపెట్టకముందే సమయాన్ని సరిచేసినవాళ్లకు సాధ్యం కావు. కాబట్టి దిద్దే ఆదేశం కొట్టేముందు, ఎంత తేడా ఉందో, ఏ వేగంతో పెరుగుతోందో, ఏ గడియారంతో పోల్చి చూశామో ఒక చోట రాసుకోవాలి. ఆ మూడు అంశాలుంటే పాత లాగ్‌ను తిరిగి నిలబెట్టవచ్చు.